పటం విప్పే హక్కు

బహ్రెయిన్ దేశపు మనామాలో ఓ కాలేజీ హాలు ఊడ్చి కుర్చీలు సర్దడం రాజనర్సు డ్యూటీ. ఊళ్లో మాత్రం అతనిది కూనపులి వంశం. పొడుగాటి బొమ్మల పటం కొంచెం కొంచెంగా విప్పుతూ పద్మశాలీలకు వాళ్ల కులకథ చెప్పడం ఆ ఇంటి వృత్తి. ఏ ఊళ్లు ఏ ఇంటివో తాతల నాడే పంచుకున్నారు. వంతుకు ఊరు లేనివాడు పటం ముట్టకూడదు, అంతే. తండ్రి పోయాక ఉన్న ఆరు ఊళ్లూ అన్నలు పంచుకుని, కడగొట్టువాడికి మొండిచెయ్యి చూపించారు. పన్నెండేళ్లు తండ్రి వెనక వంత పాడిన మనిషి కథంతా కడుపులో పెట్టుకుని దుబాయి బయల్దేరాడు. బహ్రెయిన్ అయినా వాళ్లకది దుబాయే మరి.

1985 చలికాలం, ఓ శుక్రవారం. మన దేశంలో నూరేళ్లు దాటిన ఓ యూనివర్సిటీ పుట్టిననాటి నుంచీ కళల మీద ఊరందరికీ ఉపన్యాసాలు పెడుతోంది. ఈసారి అక్కడి ఆచార్యురాలు సుందరిగారు సముద్రం దాటొచ్చి రాజనర్సు ఊడ్చే హాల్లోనే మాట్లాడుతున్నారు. ‘ఎవరైనా రావచ్చు’ అని గేటుకు కాగితం అంటించారు. అలాంటి మాట మర్యాదకు రాస్తారని ఎరగని రాజనర్సు కూలీల క్యాంపు నుంచి పదిమందిని తోలుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టాడు. మగ్గం వదిలి మేస్త్రీ పనికొచ్చిన ముత్తన్న వాళ్లలో పెద్దవాడు.

సుందరిగారు సంచిలోంచి తీసింది చూసి రాజనర్సు గుండె ఝల్లుమంది. పటం! అదే ఎర్రగుడ్డ, అవే బొమ్మలు.

“దీన్ని కిందిదాకా విప్పి గోడకు కట్టు బాబూ,” అన్నారు అతనితో.

“అట్ల ఒక్కపారే ఇప్పద్దమ్మా. కథ నడిచినంతే పటం నడవాలె.”

అనేశాక హడలిపోయాడు. ఇంతమంది ముందు ఎదురు చెబితే ఉద్యోగం ఖలాస్. ఆవిడ మాత్రం కళ్లింత చేసుకుని దగ్గరికొచ్చారు.

“మీకు ఈ కథ వచ్చా? అయితే నేనెందుకు, మీరే చెప్పండి.”

“ఒస్తదమ్మా. కని చెప్పే హక్కు లేదు. నా వంతుకు ఒక్క ఊరు గూడ రాలే.”

ఎదురుగా పటం, నోట్లో కథ, మధ్యలో ఆ పాడు పంపకం. అప్పుడు వెనక వరసలో ముత్తన్న లేచాడు.

“నేను పద్మశాలోన్ని కానారా? ఊరు లేకుంటే లేకపాయె. మా ఇల్లు నీ వంతుకిస్తున్న. చెప్పు.”

రాజనర్సు పరుగున పోయి కాళ్లూ చేతులూ కడుక్కొచ్చాడు. పటానికి మొక్కి మొదటి బొమ్మ విప్పాడు. ఇక చూడాలి! కాలు నిలవదు, గొంతు ఆగదు. క్యాంపువాళ్లు వంత అందుకున్నారు. కాలేజీ అరబ్బు సార్లు తాళం వేశారు. రాసుకొచ్చిన ఉపన్యాసం కుర్చీలో పడేసి సుందరిగారు నేలమీద చతికిలబడి గబగబా రాసుకుంటున్నారు. గంటన్నర గడిచినా ఒక్కరూ కదల్లేదు.

కథ ముగిశాక ఇల్లుగలవాణ్ని దీవించడం ఆచారం. ఆ దీవెన కథకుడి సొత్తు, వంతవాడు పలకకూడదు. ఆఖరి బొమ్మ మీద చెయ్యి ఉంచి రాజనర్సు ఎలుగెత్తాడు.

“ముత్తన్న ఇల్లు సల్లగుండాలె. ఆ ఇంటి కథకుడు రాజనర్సు దీవిస్తున్నడు.”

ఆ మాటలో తన పేరు వినడం అతనికి అదే మొదలు.