మాస్టారి డాబా మీద ఎడారి పూలు

పక్కింటి మాస్టారు పోయారని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను వాళ్ళ డాబా మీదే ఉన్నాను. ఎదురింటావిడ జాలిపడి తెచ్చిన బిందెడు నీళ్ళని ఆయన మొక్కల దగ్గరికి రానివ్వకుండా ఆవిడని బతిమాలుకుంటున్నాను.

మా మండపేటలో ఏటా ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. కుళాయి సన్నబడుతుంది. ఆ నెలల్లోనే మాస్టారి గులాబీలు, మల్లెలు ఎండిపోయేవి. రిటైరయ్యాక విసుగొచ్చి, నీళ్ళడగని పూలే పెంచుతానన్నారు. ఇసుక, పెంకు ముక్కలు కలిపిన కుండీల్లో ఎడారి గులాబీలు, ముళ్ళ జెముళ్ళు ఎండ తగిలేచోట పెట్టారు. కాస్త దాహమున్న నాచుపూలు ట్యాంకు నీడ పక్కకి. మొదటి ఏడాది ఆయనే పోసి పోసి సగం కుళ్ళబెట్టారు.

"కాలవ గట్టున పుట్టినవాళ్ళం కదండీ. మనకి ప్రేమొస్తే చెంబు చేతిలోకొచ్చేస్తుంది," అని నవ్వేవారు.

తర్వాత ఒక అలవాటు చేసుకున్నారు. చూపుడువేలు మట్టిలోకి గుచ్చి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు ఉండేవారు. అడుగుదాకా పొడిగా ఉంటేనే నీళ్ళు.

ఆస్పత్రిలో చేరాక ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "మొక్కలు చూడండి. చూడ్డమంటే ఏం లేదు, పొయ్యనివ్వకండి." ఆయన ఏమడిగినా కాదనలేనంత ఇష్టం నాకు.

తేలిక పనే అనుకున్నాను. పెద్దకర్మకి వచ్చిన చుట్టాల్లో డాబా ఎక్కినవాళ్ళందరూ "అయ్యో, గొంతెండిపోతున్నాయి పాపం" అంటూ తలా చెంబుడు పోశారు. తిట్టలేను, అదంతా ఆయన మీద ప్రేమే. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. మూడు కుండీల్లో మొదళ్ళు అప్పుడే మెత్తబడ్డాయి.

నిన్న సాయంత్రం మాస్టారి భార్య మెల్లగా పైకొచ్చారు. ఆవిడ చేతిలోనూ చెంబే. ఆయన మొదట బతికించుకున్న ఎడారి గులాబీ ముందు కూర్చున్నారు.

"కాసిని పోస్తానండీ. ఆయన పోయాక దీనికి నేనేం చెయ్యలేదు."

వద్దనడానికి నాకిక ఓపిక లేదు, మనసూ రాలేదు. "ఆయన చూసినట్టు ఒకసారి చూడండి పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ చూపుడువేలు మట్టిలోకి గుచ్చి కళ్ళు మూసుకున్నారు.

"తడిగానే ఉందండీ," అన్నారు కాసేపటికి. చెంబు పక్కన పెట్టేశారు.

చీకటి పడేదాకా వేలు మాత్రం తియ్యలేదు.