హీరోని వెనక్కి పిలిచిన అమ్మాయి

2004లో అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా చేరాను. హోదాలో లెక్చరర్లందరి తర్వాతే నేను. ల్యాబ్ తాళాలు మాత్రం నా దగ్గరే. అందుకే కాలేజీ ఉత్సవాల్లో కంప్యూటర్ ఆటల పోటీకి అంపైర్‌గా నన్నే కూర్చోబెట్టారు.

ఆట యుద్ధవ్యూహానిది. ఇద్దరికీ చెరో ఊరు, కొద్దిమంది సైనికులు, ఒక హీరో ఉంటారు. అవతలి ఊరిని నేలమట్టం చేస్తే గెలిచినట్టు. హీరో అడవి జంతువుల్ని కొడుతూ పోతే బలం పెరుగుతుంది. చస్తే మళ్లీ లేపడానికి బోలెడు బంగారం, సమయం పోతాయి. ఇంత చెప్పినా మా కుర్రాళ్లు వింటేనా! హీరో అంటే మొదటి రీల్లోనే వందమందిని చితక్కొట్టాలి వాళ్లకి. ఆట మొదలవగానే ఒంటరిగా శత్రువు మీదికి తోలేసేవారు.

ఫైనల్లో గెలిచిన ఒక్కరే కాకినాడలో జరిగే కాలేజీల పోటీకి వెళ్తారు. ఒకవైపు ఫైనలియర్ శ్రీనివాస్, మరోవైపు నగరం అనే పల్లెటూరి నుంచి బస్సులో వచ్చే సెకండియర్ సత్యవేణి. ఆ అవకాశం కోసం ఆమె ఏడాదంతా ల్యాబ్ మూసేదాకా కూర్చుని సాధన చేసింది.

ఆమె హీరోని సైనికుల వెనకే నడిపింది. దెబ్బలు వాళ్లు కాచుకునేవారు, జంతువు నీరసించాక హీరో చంపేవాడు. ఇంతలో శ్రీనివాస్ హీరో ఆమె ఊరి మీద పడి ఇళ్లు తగలబెట్టసాగాడు. ఆమె హీరో ఎదురెళ్లకుండా అడవిలోకి తప్పుకున్నాడు. పెద్ద తెర మీద చూస్తున్న గదంతా గొల్లున నవ్వింది. హీరో పారిపోతున్నాడండోయ్ అన్నారెవరో. ఆమె తల తిప్పలేదు. ఇళ్లు ఒక్కొక్కటే కూలి, చివరికి రెండో మూడో మిగిలాయి.

అడవిలోంచి తిరిగొచ్చేసరికి ఆమె హీరో గుర్తుపట్టలేనంత బలవంతుడయ్యాడు. శ్రీనివాస్ హీరో అతని ముందు కాసేపు కూడా నిలవలేదు. హీరో పోయాక శ్రీనివాస్ ఊరూ పోయింది. శ్రీనివాసే ముందు లేచి చప్పట్లు కొట్టాడు.

సొంత ఊరు తగలబడుతుంటే అంత నిబ్బరం ఎక్కడిదమ్మా అని సత్యవేణిని అడిగాను.

“తొంభై ఆరు తుఫానులో మా ఇల్లు పడిపోతుంటే నాన్నగారు ఒక్క సామానూ ముట్టుకోలేదండీ. మమ్మల్ని స్కూలు మేడ మీదకి లాక్కెళ్లిపోయేరు. ఇల్లు తర్వాత కట్టుకున్నామండీ,” అంది.

కొన్నేళ్ల తర్వాత మా సర్వరు కాలిపోయింది. దాని మీద పనిచేస్తున్న కొత్త అసిస్టెంటుని తీసేయమన్నారు యాజమాన్యం వారు. సర్వరు మళ్లీ కొనుక్కోవచ్చని వాళ్లకి నచ్చజెప్పి అతన్ని ఉంచుకున్నాను. నా రిటైర్మెంటు రోజున తాళాలు అందుకున్నది అతనే.