గడ్డి నింపిన దూడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే దూడ రెండుసార్లు చనిపోయింది. ఈ మాట అంటే మా మనవళ్లు నవ్వుతారు, అవ్వకు లెక్క తప్పిందంటారు. నవ్వుకోనీ. మొదటిసారి చనిపోవడం వీధి వీధంతా చూసింది. రెండోసారి సంగతి మా ఆవుకూ, ఆ రోజు ఇంట్లో ఉన్న ముగ్గురు ఆడవాళ్లకూ తప్ప ఎవరికీ పట్టలేదు. ఆ ముగ్గురిలో పావడ కట్టుకుని తిరిగేదాన్ని నేను.

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో మా ఊరు. అప్పటికి కర్నూలే మనకు రాజధాని. ఆ ఎండాకాలం మా అమ్మకు విషజ్వరం పట్టుకుంది. ఒళ్లు తెలియకుండా పడి ఉంటే మా నాయన బండి కట్టి ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి బస్సులో నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోయాడు. చంటిబిడ్డకు అంటుకుంటుందని భయపడి మా తమ్ముణ్ని ఇంట్లోనే వదిలిపెట్టారు. వాడికి అప్పటికింకా మెడ సరిగ్గా నిలవలేదు. వాణ్ని మా జేజి చేతుల్లో పెట్టారు. జేజి అంటే నాయనమ్మ, మా వైపు అలాగే పిలుస్తాం. బండి కదిలేటప్పుడు అమ్మ వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నేను గడప దగ్గర నిలబడ్డాను. ఆమెకు తల ఎత్తే శక్తి కూడా లేదు.

ఇంట్లో మిగిలింది జేజి, అత్త, నేను. అత్త మా నాయనకు చెల్లెలు. పుట్టిన బిడ్డలిద్దరూ పొత్తిళ్లలోనే పోయాక అత్తగారింట్లో ఆమె మొహం చూసేవాళ్లు లేకపోయారు. పుట్టింటికి వచ్చేసి, ఎవరూ అడక్కుండానే ఇంటి పనంతా నెత్తిన వేసుకుంది. ఆమె చెయ్యి పడితే పాత గోనెసంచి కూడా మడతలు పెట్టుకుని బుద్ధిగా కూర్చునేది. నేను ఆమె వెనకాలే తిరిగేదాన్ని. అమ్మ జడ వేస్తే నాకు కన్నీళ్లు వచ్చేవి, అత్త వేస్తే నిద్ర వచ్చేది.

కష్టమంతా తమ్ముడి పాల దగ్గర వచ్చింది. బర్రెపాలు ఎన్ని నీళ్లు కలిపి పట్టినా కక్కేసేవాడు. పక్కింటివాళ్లు మేకపాలు ఇచ్చారు. అవి తాగి కడుపుబ్బి కాళ్లు ముడుచుకుని ఏడ్చాడు. ఆవుపాలు ఒక్కటే వాడికి ఇమిడేవి. ఊళ్లో చాలా ఆవులు ఆ ఎండలకు వట్టిపోయి ఉన్నాయి. కొత్తగా ఈనింది మా ఎర్రావు ఒక్కటే. అందుకని జేజి రోజూ ముందు ఆవుకు కుడితి పెట్టి, ఆ తర్వాతే తాను నోట్లో ముద్ద పెట్టుకునేది. అమ్మ తిరిగి వచ్చేదాకా వీణ్ని నిలబెట్టి అప్పజెప్పాలి, ఆమె ధ్యాసంతా అదే.

అట్లాంటి రోజుల్లో దూడ పోయింది. పారుడు, అదే విరేచనాలు, పట్టుకుని, ముందురోజు దాకా గంతులేసింది తెల్లవారేసరికి కొట్టంలో చల్లబడి ఉంది. ఆవు దాన్ని నాకుతూనే ఉంది. దూడను పక్కకు లాగాక అరవడం మొదలుపెట్టింది. ఆకలికి అరిచే అరుపు నాకు తెలుసు, సాయంత్రం చేని నుంచి వస్తూ ఇల్లు కనబడగానే అరిచే అరుపు తెలుసు. ఇది ఆ రెండూ కాదు. మా ఎద్దులు కూడా మేత మానేసి, చెవులు అటు తిప్పి నిలబడిపోయాయి. వాటికి ఆ అరుపులో ఏం తెలిసిందో నాకు తెలియదు గానీ, ఆ పూట అవి కుడితి ముట్టలేదు.

దూడ లేకపోతే ఆవు చేపదు. చేపడమంటే పాలు చన్నుల్లోకి దించడం. అది ఆవు తలచుకుంటే జరిగే పని కాదని, బిడ్డ దగ్గరున్నట్టు తెలిస్తే దానంతట అదే జరుగుతుందని నాకు ఆ వయసులో తెలియదు. ఆవు మొండికేసిందనుకుని దాని మీద కోపం తెచ్చుకున్నాను. పొదుగు నిండుగా కనబడుతూనే ఉంది, జేజి చేతికి నాలుగు చుక్కలు కూడా రావడం లేదు. లోపల తమ్ముడు గొంతు పోయేలా ఏడుస్తున్నాడు.

అప్పుడు జేజి తోలుపని చేసే పెద్దాయనను పిలిపించింది. ఆయన దూడ తోలు జాగ్రత్తగా ఒలిచి, లోపలివైపు ఉప్పూ బూడిదా రుద్ది నీడలో ఆరబెట్టాడు. అది ఆరేదాకా తమ్ముణ్ని చక్కెరనీళ్లతో, గంజి తేటతో నెట్టుకొచ్చారు. తర్వాత ఆ తోలులో వరిగడ్డి కూరి కుట్టాడు. మా వైపు దూడ చచ్చిన ఇళ్లల్లో ఇట్లా చేయడం మామూలే, కానీ నేను చూడటం అదే మొదలు. దాని కాళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. కళ్లున్నచోట ఉత్త కుట్లు. దాన్ని చూసి నేను అత్త కొంగులో మొహం దాచుకున్నాను. ఆవు బెదిరి కట్టుతాడు తెంపుకుంటుందని అనుకున్నాను.

జేజి ఆ బొమ్మను గుంజకు ఆనించి, వీపు మీద ఉప్పునీళ్లు చల్లింది. ఆవు మెడ చాచింది. చాలాసేపు వాసన చూసింది. తోక కింద, చెవి వెనక, మెడ మీద, ఒక్కొక్కచోటా ఆగి ఆగి చూసింది. ఆ తర్వాత గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది, దూడ దగ్గర తప్ప ఇంకెక్కడా చేయని మూలుగు. నాకడం మొదలుపెట్టింది. జేజి చెంబులో పాలు పడిన చప్పుడుకు అత్త కళ్లు తుడుచుకుంది.

కాళ్లు లేనిది, కళ్లు లేనిది, దూడ అని ఎట్లా నమ్మిందని జేజిని అడిగాను. "దానికి కండ్లతో పనిల్యా పాపా. బిడ్డను ముక్కుతోనే చూసుకుంటాది" అంది. అని ఊరుకోలేదు. పాలు పిండినాక ఆవు గంగడోలు నిమిరి, తప్పు పట్టుకోవద్దు తల్లీ అని చెప్పుకునేది. రోజూ చెప్పుకునేది. మోసమని ఆమెకూ తెలుసు. తమ్ముడు మాత్రం ఉగ్గుగిన్నెతో కడుపునిండా తాగి అత్త ఒళ్లో నిద్రపోయేవాడు. వాడి బుగ్గలు కాస్త తేరుకున్నాయి. నంద్యాల నుంచి వచ్చినవాళ్లెవరైనా అమ్మకు జ్వరం తగ్గుముఖం పట్టిందని చెబితే ఇంట్లో పండగలా ఉండేది.

ఒక శుక్రవారం జేజి చేనికి పోయింది. ఇల్లంతా అలికి, నాకు తలంటి, తానూ తలంటుకున్న అత్త కొట్టంలోకి వచ్చి దూడబొమ్మను చూసింది. ఎండకు అది వాసనేస్తూ ఉంది. ఈగలు ముసురుతున్నాయి. ఆ ఈగలే వచ్చి తమ్ముడి మూతి మీద వాలుతున్నాయి. ఆమె ఆ బొమ్మను పెరట్లోకి తెచ్చి సీకాయ నీళ్లతో శుభ్రంగా తుడిచింది. పురుగు పట్టకుండా పసుపూ వేపాకూ నూరి ఒళ్లంతా పట్టించింది. ఆరాక మెడకు ఎర్రగుడ్డ పీలిక కట్టి, నుదుట బొట్టు పెట్టింది. చేస్తున్నంతసేపూ ఏదో సన్నగా పాడుకుంటూనే ఉంది. ఆమె అట్లా పాడటం నేను అంతకుముందు వినలేదు. ఆ దూడ ఎంత ముద్దొచ్చిందంటే నేను మొదటిసారి దగ్గరికి పోయి దాన్ని తాకాను.

సాయంత్రం జేజి వచ్చి, చెంబు తీసుకుని కూర్చుంది. ఆవు మెడ చాచి ఒక్కసారి వాసన చూసింది. ముక్కు చీదింది. మళ్లీ చూసింది, తోక కింద, చెవి వెనక, మెడ మీద. పసుపు, వేపాకు, సీకాయ. కొమ్ముతో దాన్ని ఎత్తి గోడకు విసిరికొట్టింది. అది గోడకు తగిలి, కుట్టు ఊడి, గడ్డి బయటికి వచ్చింది. ఆవు దానివైపు కూడా చూడలేదు. వాకిలివైపు తిరిగి, దూడ పోయిన తెల్లవారి అరిచిన ఆ అరుపే మళ్లీ మొదలుపెట్టింది. అంతదాకా దానికి బిడ్డ ఉంది. ఇప్పుడు లేదు. దానికి ఏం జరిగిందో చెప్పడానికి మా దగ్గర ఏ దారీ లేదు.

జేజి చేయనిది లేదు. పసుపు కడిగేసి ఉప్పునీళ్లు చల్లింది. ఆవు పాలే తెచ్చి తోలుకు పూసింది. దాని పేడా మూత్రమూ తెచ్చి రుద్దింది. పక్కింటి దూడను తెచ్చి కింద విడిస్తే కాలు విసిరి తన్నింది, అది చావు తప్పి బయటపడింది. చివరికి జేజి ఆవు మొహం రెండు చేతులా పట్టుకుని బతిమాలింది. "మా పిల్లోడు ఏడుస్తాండాడు తల్లీ. నీకు ఇనపడ్లేదా" అంది. ఆవు చెవులు మాత్రం కదిలాయి. లోపలి నుంచి తమ్ముడి ఏడుపు వస్తూనే ఉంది, ఇక్కడ ఆవు అరుస్తూనే ఉంది. ఇద్దరి మధ్య మేము ముగ్గురం నిలబడి ఉన్నాం, ఎవరికీ ఏమీ చేయలేక.

అత్త నేల మీద కూర్చుని ఊడిన గడ్డిని ఏరి ఏరి మళ్లీ తోలులోకి కూరుతూ ఉంది. నన్ను తిట్టమ్మా అంది జేజితో. జేజి చెంబు పక్కన పెట్టి ఆమె పక్కనే కూలబడింది. "నిన్నేం తిట్టేది మే. నువ్వు కండ్లతో చూసి ముద్దు జేసినావు. దానికి ముక్కే కండ్లాయె" అంది. అంతే. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. నాయన వచ్చి అడిగినప్పుడు కూడా ఆవు వట్టిపోయిందిరా అని ఊరుకుంది.

ఆవు అరిచి అరిచి ఊరుకుంది. పొదుగు ఎండిపోయింది. తమ్ముడికి రాగిగంజి వడగట్టి, మేకపాలు నీళ్లలా పలచన చేసి, గుడ్డ తడిపి నోట్లో పిండేవాళ్లు. సగం కక్కేవాడు. వాడి పక్కటెముకలు కనబడేవి. ఏడుపు కూడా తగ్గిపోయింది, ఆ తగ్గడమే జేజిని ఎక్కువ భయపెట్టింది. అత్త వాణ్ని కింద పెట్టింది లేదు. ఎట్లో బతికాడు. మేము బతికించామని చెప్పను. వాడే గట్టిపిండం.

వానాకాలం వచ్చాక అమ్మను తీసుకొచ్చారు. బండి దిగుతుంటే నేను గుర్తుపట్టలేదు. జ్వరానికి జుట్టంతా తీసేశారు. సన్నగా పుల్లలా అయింది. ఒంటి నుంచి ఫినాయిలు వాసన, మందుల వాసన. మనిషి నవ్వుతూ, కాళ్లు తడబడుతూ నేరుగా అత్త దగ్గరికి పోయి తమ్ముణ్ని ఎత్తుకుంది. వాడు ఆమె మెడ దగ్గర మొహం పెట్టి, ఒక్కసారిగా విల్లులా వెనక్కి విరుచుకుని కెవ్వుమన్నాడు. అత్తవైపు చేతులు చాచాడు. నాయన, మీ అమ్మ రా, మీ అమ్మ రా అని వాడికి చెబుతున్నాడు. నేనూ చెప్పాను. ఎంత చెబితే వాడు అంత ఏడ్చాడు. అమ్మ వాణ్ని గట్టిగా పట్టుకోనూ లేదు, వదలనూ లేదు. ఆమె మొహం నేను చూడలేకపోయాను.

జేజి వచ్చి వాణ్ని తీసి అత్తకే ఇచ్చింది. అమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి అత్త పక్కన, భుజాలు తగిలేట్టు కూర్చోబెట్టింది. "ఏడ్వొద్దు. ఆ ఆస్పత్రి వాసన పోనీ. నీ వాసన నీకు రానీ. అందాక ఊరికే పక్కన కూచో, బిడ్డను ముట్టొద్దు" అంది. కన్నతల్లిని బిడ్డను ముట్టవద్దనడం నాకు అన్యాయమనిపించింది. అమ్మ మాత్రం ఎదురు చెప్పలేదు. పొయ్యి దగ్గర పొగలో, జొన్నరొట్టెల దగ్గర, కొట్టంలో తిరిగి తిరిగి, వచ్చి అత్త పక్కన కూర్చునేది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అత్త కూడా ఎక్కడికి పోయినా వాణ్ని అమ్మ పక్కకే తెచ్చుకుని కూర్చునేది.

ఒక మధ్యాహ్నం అత్త ఒళ్లో నిద్రపోతున్న తమ్ముడు కదిలి, పక్కకు దొర్లి, అమ్మ చీర కుచ్చిళ్లలో ముక్కు దాచుకుని మళ్లీ నిద్రపోయాడు. అమ్మ ఊపిరి బిగబట్టింది. అత్త తన ఒళ్లో మిగిలిన పొత్తిగుడ్డను నిదానంగా మడతపెట్టి, లేచి, కొట్టంలోకి పోయింది.

నేను వెనకాలే పోయాను. అత్త ఎర్రావు పక్కన నిలబడి ఉంది. ఆవు ఒకసారి ఆమె చెయ్యి వాసన చూసి, మళ్లీ చొప్పలో మూతి పెట్టింది. నాకు ఏదైనా చెప్పాలనిపించింది. తమ్ముడు నీవాడు కూడా అనో, రేపు మళ్లీ నీ దగ్గరికే వస్తాడనో. నోటిదాకా వచ్చిన ప్రతి మాటా ఆమె దాకా పోదని అర్థమైంది. అంత చిన్నపిల్లకు అర్థమవడమేమిటని మీరు అనవచ్చు. అయింది. పోయి ఆమె పక్కన, నా భుజం ఆమె నడుముకు తగిలేట్టు నిలబడ్డాను. చాలాసేపటికి "ఈడెందుకొచ్చినావ్ మే, లోపలికి పో" అంది. నేను పోలేదు. ఆమె మళ్లీ చెప్పలేదు.

ఇప్పుడు నేను ఎనభైకి దగ్గరపడ్డాను. దుఃఖం వచ్చిన ఇంటికి పోతే, పెద్దదానివి నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. నాకు రావు. పోయి ఆ మనిషి పక్కన, ఒంటికి ఒళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంటాను. పొమ్మన్నా పోను.