ఇసుకలో పెళ్లిచూపులు

ఈ సాయంత్రం ముత్తుకూరు దగ్గర సముద్రపు ఒడ్డున, వలలేసే రమణయ్యన్నతో గొడవపడ్డాను. సముద్రపు పిట్టలు గుడ్లు పెట్టే ఇసుకలోనే ఆయన వల ఆరేయబోయాడు. ఇసుక ఎవరి అబ్బ సొత్తూ కాదని, పిట్టల్ని కాపాడమనే కరపత్రాల్లో చదివిందంతా అరిచి చెప్పాను.

"అయితే వల నీ నెత్తిన ఆరేసేదా?" అన్నాడు.

అంతలో ఒక మగపిట్ట చిన్న చేపను ముక్కున కరచుకొచ్చి ఆడపిట్ట ముందు వాలింది. ఆడపిట్ట మొహం తిప్పుకుంది. మగపిట్ట అటువైపుకే నడిచి మళ్లీ చేప చూపించింది. ఇద్దరం తగాదా మరిచి చూస్తూ నిలబడ్డాం. చివరికి ఆడపిట్ట చేప అందుకుంది.

రమణయ్యన్న వల తీసుకెళ్లి పడవ మీద ఆరేశాడు. "కాపరం పెట్టే చోట మనకేం పనిరా! నువ్వు కూడా అరిచేది మాని ఒక చేప పట్టుకపో. ఏ పిల్లన్నా ఒప్పుకుంటాదేమో!"

పిట్టలైతే గెలిచాయి. నేను గెలిచానో లేదో మీరే చెప్పండి.