బొంబాయి రైలెక్కని రోజు

కల్వకుర్తి వైపు నుంచి వైద్యానికి హైదరాబాదు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. తొంభైల నడుమ, మా పెళ్లయిన రెండో ఏడు, మా ఆయన నర్సింహకు ఛాతీలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. బోరు మోటార్లు ఎత్తి దించే మనిషి నాలుగడుగులకే ఆయాసపడుతున్నాడు. తెల్లవారుతుండగా మొదటి బస్సెక్కాం. ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా హైదరాబాదు ఇమ్లిబన్ బస్టాండు చేరడానికి రెండు గంటలు దాటింది. గాలి ఆడుతుందని కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను.

దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఎల్లుండే మందు ఎక్కిద్దాం. మనిషిని దక్కించుకోవచ్చు. కానీ ఈ మందు వల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు" అంది. ఏ దారీ లేదా అని అడిగాను. మందు మొదలుపెట్టకముందే మగవాళ్ల వీర్యం తీసి, గడ్డకట్టించి, ఏళ్లపాటు దాచే పద్ధతి ఉందని, హిమాయత్‌నగర్‌లోని ఒక ల్యాబులో అడిగి చూడమని చెప్పింది.

బయట ఆటో దొరికింది. ఆయన ఆయాసం చూసి డ్రైవర్, "ఫికర్ చెయ్యకక్కా, గుంతలు లేని తొవ్వల తీస్కపోత" అన్నాడు. ల్యాబాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "పరీక్ష చేస్తం గానీ దాచే మిషన్ మా కాడ లేదమ్మా. బొంబాయి పోవాలె."

మెట్ల మీద కూలబడ్డాం.

"పోదాం పద్మా. గీ రాత్రికే రైలుంటది" అన్నాడు ఆయన.

"నీకు ఊపిరే ఆడుతలేదు. రైల్ల ఏమన్నయితే ఎవర్ని పిలవాలె నేను?"

"నీకు పిల్లలంటే పాణం గదా."

"పాణమే. గట్లని నిన్ను పోగొట్టుకుంటనా?"

నా భుజం పట్టుకుని మెల్లగా లేచాడు. "సరే, దవాఖానకే పోదాం తియ్" అన్నాడు. ఆటోలో నా చెయ్యి వదలలేదు.

మందు పనిచేసింది. డాక్టరమ్మ చెప్పిన రెండో మాట కూడా నిజమైంది. ఇప్పటికీ పరీక్షల కోసం ఏటా ఇద్దరం అదే రోడ్డున వెళ్తాం. ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోతాడు, ఆ బరువు నాకు ఇష్టం. ఎవరైనా బస్సెక్కుతూ పసిబిడ్డను కాసేపు పట్టుకోమని అందిస్తే, దిగేదాకా తిరిగివ్వాలనిపించదు.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఇప్పుడు దాచే సౌకర్యం హైదరాబాదులోనే ఉంది. మందు ఎక్కించకముందే, మొదటిరోజే, సిగ్గుపడకుండా పిల్లల సంగతి మీరే అడగండి.