రాహుకాలం దాటిపోతుందని

మొన్న కిరాణా కొట్టతను కొత్త క్యాలెండర్ ఇచ్చాడు. గోడకు మేకు ఖాళీగా ఉంది కదా అని తగిలించాను. తగిలించి ఊరుకోలేదు. కళ్లద్దాలు సవరించుకొని, పండుగలూ సెలవులూ వదిలేసి, కింద మూలన చిన్న అక్షరాల్లో ఉండే రాహుకాలం పట్టిక మీదికి వేలు పోనిచ్చాను. శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు. ఆ పట్టిక నాకు నలభై ఏళ్లుగా కంఠతా వచ్చు. అయినా వేలు అక్కడికే పోయింది. పోయి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

నమ్మకం ఉన్నవాళ్లు రాహుకాలాన్ని తప్పించుకోవాలని చూస్తారు. మా హేతువాద సంఘంలో మేం దాన్ని ఎలాగైనా అందుకోవాలని చూసేవాళ్లం. ఇల్లు మారితే అమావాస్య నాడే మారాలి, గ్రహణం పట్టినప్పుడు వీధిలో నిలబడి మిర్చిబజ్జీలు తినాలి, పెళ్లి చేస్తే మూఢంలోనే చెయ్యాలి. నా పెళ్లి రాహుకాలంలోనే జరిగింది. ఆ రోజు పెళ్లికూతురు వాళ్ల బస్సు ఆలస్యమైతే, సమయం దాటిపోతోందని మా సంఘం పెద్దలు గడియారాలు చూసుకుంటూ అటూ ఇటూ పరుగులు పెట్టారు. అది చూసి మా అత్తగారు, "మా పూజారి అయ్యగారు గూడ గింత తొందరపెట్టడు" అంది. అందరం హాయిగా నవ్వుకున్నాం. మా ఇబ్రహీంపట్నంలో పంచాంగాన్ని మా అంత శ్రద్ధగా చూసేవాడు పురోహితుడు ఒక్కడే అయి ఉంటాడు. ఆయనైనా నెలకోసారి మరిచిపోతాడేమో, మేం మాత్రం మరిచేవాళ్లం కాదు. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నేను ఈ విషయంలో అందరికంటే నిష్ఠాపరుణ్ణి.

బస్టాండుకు కాస్త అవతల, ఒక చాయ్ హోటల్ పైన మా సంఘానికి ఒక గది ఉంది. నెలనెలా ఒక చిన్న పత్రిక వేస్తాం. మూడేళ్ల కిందట దాన్ని టైపు చేసే పాత కంప్యూటర్ పూర్తిగా మూలపడింది. సరిగ్గా అప్పుడే మా చెల్లెలి కూతురు శేరిగూడ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే ఉద్యోగం మానేసింది. విడిభాగాలు తెచ్చుకొని, కంప్యూటర్లు తానే కూర్చి అమ్మే దుకాణం పెట్టాలని ఆమె కోరిక. బస్టాండు దగ్గర ఒక షట్టర్ గది కూడా అద్దెకు మాట్లాడుకుంది. తన చేత్తో కూర్చే మొదటి కంప్యూటర్ మా సంఘానికే ఇస్తానంది. దాన్ని చూడడానికి ఒక ప్రైవేటు బడి నడిపే మేడం కూడా వస్తానన్నారు. నచ్చితే బడికి కావలసిన ఇరవై కంప్యూటర్లూ ఈమె చేతే చేయిస్తారు. ఆ ఇరవై మీదే దుకాణం నిలబడాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ముహూర్తం నేనే పెట్టాను. శుక్రవారం, రాహుకాలం. ఊళ్లో తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఇరవై ముప్పై మంది వచ్చారు. మేడం కుర్చీలో కూర్చున్నారు. కింది హోటలాయన చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. పదకొండింటికి రావలసిన మా మేనకోడలు, దారంతా తవ్వి పెట్టారని పదకొండు నలభైకి వచ్చింది. కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. మెట్లెక్కి, చెమట తుడుచుకొని, వైర్లు తగిలించేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది.

"మామా, ఆటోల మస్తు ఎగిరింది ఇది. మూత తీసి లోపలియన్ని ఒక్కపారి ఒత్తి చూస్త. జర పది నిమిషాలు ఇయ్యి."

"ఎట్ల బిడ్డా? పన్నెండు కొడితే రాహుకాలం అయిపోతది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అయిపోతే ఏమైతది మామా?"

రాహుకాలంలో చేస్తే ఏమవుతుందని నేను జనాన్ని నలభై ఏళ్లుగా అడుగుతున్నాను. అది దాటాక చేస్తే ఏమవుతుందని నన్ను ఎవరూ అడగలేదు. జవాబు ఉన్నవాడిలా నవ్వి, మీట నొక్కాను.

లోపల ఫ్యాన్లు తిరిగాయి. ముందు వైపు దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఇంతలో పెట్టెలోంచి పొడుగ్గా మూడు కూతలు వినిపించాయి. ఆగిపోయింది. మళ్లీ దానంతటదే మొదలైంది, మళ్లీ మూడు కూతలు, మళ్లీ ఆగిపోయింది.

"సార్, రాహువు లోపల్నుంచి జవాబిస్తున్నడు!" అన్నాడు హోటలాయన.

గది మొత్తం పగలబడి నవ్వింది. మేడం కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. నలభై ఏళ్లలో ఎన్నో సభల్లో రాళ్లు వేయించుకున్నాను కానీ, నన్ను చూసి ఇంతమంది ఒక్కసారిగా నవ్వడం అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి. మేనకోడలు ఒక్కతే నవ్వలేదు. తల వంచి ఆ కూతల్ని శ్రద్ధగా వింది.

"ఫికర్ లేదు మామా. ర్యామ్ కదిలినట్టుంది. అది కదిలితే గట్లనే కూస్తది" అంటూ వైరు పీకి, నాలుగు మరలూ విప్పి, పక్క మూత తీసింది.

మూత లోపలి వైపు, పైన, పసుపు పూసి పప్పుగింజంత కుంకుమ బొట్టు పెట్టి ఉంది. అది ఎప్పుడో ఎండిపోయింది.

"ఇదేంది?" అన్నాను.

"అమ్మ పెట్టింది మామా, మొదటిది గదా అని. అది ఉత్త మూతకే..."

మాట పూర్తి కానివ్వలేదు. పరువు పోతున్న మనిషికి దొరికిన ఊతకర్ర ఆ బొట్టు. నా సభల గొంతు లేచింది. "చూసిండ్రా? పసుపు కుంకుమ పొడి లోపల పడితే మిషిన్ నడుస్తదా? మూఢనమ్మకం ఏం నష్టం చేస్తదో కండ్ల ముందట చూడుండ్రి! నా ఇంటి పిల్లనే ఇట్ల చేస్తే ఇంక ఊరికి ఏం చెప్తం?" పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడాను కూడా. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఎండి అతుక్కుపోయిన బొట్టు ఎగిరి వెళ్లి కంప్యూటర్ను ఆపలేదని, ఫిజిక్స్ చెప్పి బతికిన నాకు తెలియదా? తెలుసు. ఆ పావుగంటా తెలుస్తూనే ఉంది.

మేడం లేచి, "తర్వాత చూద్దాంలేమ్మా" అని ఆమె భుజం తట్టి దిగిపోయారు. మేనకోడలు మూత పెట్టి రెండు మరలు బిగించింది. మిగిలిన రెండూ బల్లమీద పెట్టి, "నువ్వే చూసుకో మామా" అని వెళ్లిపోయింది.

తొమ్మిది రోజులు ఆ పెట్టె ముట్టలేదు. పదో రోజు గదిలో ఎవరూ లేని వేళ చూసి మూత తీశాను. మొదట చేసిన పని, తడిగుడ్డతో ఆ బొట్టు తుడవడం. తుడిచి, వైరు పెట్టి మీట నొక్కాను. మూడు కూతలు. నా ఉపన్యాసానికి అంతకంటే స్పష్టమైన జవాబు నాకెప్పుడూ రాలేదు.

మూత పక్కన పెట్టబోతే, బొట్టు ఉన్నచోటికి దిగువన అతికించిన కాగితం కనిపించింది. ఆ రోజు నా కన్ను పైనే ఆగిపోయింది. మేనకోడలి చేతిరాత. "బండి మీద తెస్తే, ఆన్ చేసే ముందు ర్యామ్ రెండు కొసలు ఒత్తాలె. ఒక్కపారి ఒక్కటే మార్చాలె, మార్చి చూడాలె. చూడకుండ కారణం చెప్పొద్దు."

ఆ చివరి మాట నాది. ఇంటర్ చదివేటప్పుడు ఆమె మా వసారాలో కూర్చొని నా దగ్గర ఫిజిక్స్ చెప్పించుకునేది. ప్రయోగం చేయకుండానే ఫలితం రాసుకొచ్చినందుకు ఒకనాడు గట్టిగా మందలిస్తూ అన్న మాట. ఆమె దాన్ని అన్నేళ్లు దాచుకొని, తన మొదటి యంత్రం లోపల అతికించుకుంది.

ర్యామ్ అంటే జానెడు కూడా లేని సన్నటి పట్టీ. వైరు పీకి, బొటనవేళ్లతో రెండు కొసలూ ఒత్తాను. ఒక వైపు టక్కుమంది. మళ్లీ వైరు పెట్టి మీట నొక్కితే ఒకే ఒక్క కూత, చిన్నది. తెర వెలిగింది. పది నిమిషాలు అడిగింది కానీ, ఆమెకు అర నిమిషం చాలేది.

అప్పటికప్పుడే చెల్లెలి ఇంటికి పోయాను. మేనకోడలు చిక్కుడుకాయలు తుంచుతోంది. తప్పు నాదేనని చెప్పాను. తలెత్తకుండానే వింది.

"అందరి ముందట తిట్టినవ్ మామా. ఇంట్లకొచ్చి నాకొక్కదానికి చెప్తున్నవ్" అంది.

చెల్లెలు వంటింట్లోంచి, "పోనీలే అన్నా, నేను బొట్టు పెట్టకుంటే ఇదంతా కాకపోతుండె" అంది. అది ఇంకా బరువుగా తగిలింది.

మేడం అప్పటికే పట్నంలో ఎవరికో ఇరవై కంప్యూటర్లూ పురమాయించారు. షట్టర్ వేరేవాళ్లకు పోయింది. ఇప్పుడు అందులో చెప్పులు అమ్ముతున్నారు. మేనకోడలు కొంగరకలాన్ ఊళ్లోని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరి, షిఫ్టుల్లో బోర్డులు పరీక్షించే పని చేస్తోంది. వచ్చే సభలో అందరి ముందు చెప్తానని ఆ రోజు మాటిచ్చాను. వచ్చే సభలు ముప్పై దాకా వచ్చాయి, పోయాయి. దొంగ బాబాల మీద మాట్లాడాను, వాస్తు మీద మాట్లాడాను. ఆ కంప్యూటర్ మాత్రం పొద్దున్నే ఒక కూత కూసి, చక్కగా పనిచేస్తూనే ఉంది.

ఈ నాలుగు పేజీలూ దాని మీదే టైపు చేశాను. చేసి ఆమెకు ఫోన్ చేశాను. "ఈసారి సభల చదువుత బిడ్డా. నువ్వు రావాలె."

"ఏ టైంకు పెట్టిండ్రు?"

"నీకు డ్యూటీ లేని టైంకు."

"గా హోటలాయనను గూడ పిలువు మామా. మేడంను గూడ" అంది. వస్తాననలేదు, రాననీ అనలేదు.

కాలంలో మంచీ చెడూ లేవని ఇప్పటికీ అంటాను. ఆ శుక్రవారం పన్నెండుకు ముందున్న పది నిమిషాలు మాత్రం చెడ్డవే. వాటిని చెడగొట్టింది రాహువు కాదు.