నాయనమ్మ మంచం కింద గిన్నె

మా ఇంట్లో దొంగతనం జరక్కపోతే అది క్రిస్మసే కాదు. ఈ మాటకి చర్చిలో పెద్దలు నొచ్చుకుంటే నొచ్చుకోనీండి, ఉన్నమాట చెబుతున్నాను. ఆ దొంగతనం మొదలుపెట్టింది మా నాయనమ్మ. చెయ్యి కలిపింది నేను. డెబ్బైల మొదట్లో సంగతి. నాకు పదకొండేళ్ళు. పటమటలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం.

నాయనమ్మది కూచిపూడి దాటాక ఓ చిన్న పల్లె. తాతయ్య పోయాక మా దగ్గరికి వచ్చేస్తూ ఒక బైబిలూ, ఒక రోకలీ తెచ్చుకుంది. నోరు సరే, అది ఎటూ వెంటే ఉంటుంది. ఆ రోకలి ఎందుకంటే అరిసెలకి. ఏటా పండగకి మూడ్రోజుల ముందు కొత్త బియ్యం నానబోసేది. ఒకటిన్నర రోజన్నా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి, తడి ఆరకముందే దంచాలి. ఇక పాకం దగ్గర కూర్చుందంటే మా నాన్న కూడా నోరెత్తడానికి లేదు. నీళ్ళలో వేసిన పాకాన్ని వేళ్ళతో ఉండ చుట్టి చూసి ఆవిడ "ఊఁ" అన్నాకే పిండి పొయ్యాలి.

పండగ పొద్దున చర్చి నించి రాగానే వీధిలో ఇళ్ళకి పళ్ళేలు బయల్దేరేవి. మొదటి పళ్ళెం పక్కింటి పిన్నిగారికి. వాళ్ళు నీచు ముట్టరు. మా ఇంటి కూరలు ఆ గోడ దాటేవి కాదు గానీ అరిసెలు మాత్రం దర్జాగా దాటేవి. పిన్నిగారి మామగారైతే పళ్ళెం చేతికి రాకముందే కళ్ళజోడు తుడుచుకుని కూర్చునేవారు. సంక్రాంతికి వాళ్ళ అరిసెలు మాకొచ్చేవి. నాయనమ్మ ఒకటి నోట్లో పెట్టుకుని, "బాగున్నాయమ్మా, పళ్ళకి మంచి కసరత్తు" అనేది. పిన్నిగారు నవ్వేసేవారు. పాపం, ఆవిడ మంచిది.

మా అమ్మ టీచరు. ఆ ఏడు స్కూల్లో ఎవరో కేకు చేసి తెచ్చారు. అమ్మ అది తిని వచ్చి రెండ్రోజులు ఆ కేకు కబుర్లే చెప్పింది. మూడో రోజు అన్నం దగ్గర బయటపెట్టింది.

"అత్తయ్యా, నిరుడు ఆ దంపుడికి మీ భుజం పట్టేసి పదిహేను రోజులు మంచం దిగలేదు. ఈ ఏడు మీరు రోకలి ముట్టడానికి వీల్లేదు. కేకు చేద్దాం. వీధిలో అందరికీ అదే పంపుదాం. మీరు హాయిగా కూర్చోండి."

అమ్మ మంచికే అంది. నిరుడు రోజూ రెండు పూటలా ఆ భుజానికి మందు రాసింది అమ్మే. కానీ నాయనమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఏమీ అనలేదు. అదీ భయం మాకు. ఆవిడ తిడితే వర్షం వెలిసినట్టే, మాట్లాడకపోతేనే ఏదో ఉందని లెక్క.

ఆ సాయంత్రం పెరట్లో నా జడ వేస్తూ అంది, "కూర్చోబెట్టి పెడితే తిని పోడానికి నేనేమన్నా చుట్టపు చూపుగా వచ్చానటే? చేతిలో పని లేని పండగ నాదెట్లా అవుద్ది?"

వెనక్కి తిరిగి చూద్దును గదా, కళ్ళనిండా నీళ్ళు. ఉల్లిపాయలకి తప్ప ఆవిడ కళ్ళు తడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మీద కోపం కూడా వచ్చింది. కేకు తినాలన్న ఆశ మాత్రం పోలేదు, దాని దారి దానిదే.

పండగ ఇంకా మూడు రోజులుందనగా నాయనమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపు జారేసింది. మంచం కింద, ట్రంకు పెట్టె వెనకాల, ఇత్తడి గిన్నెలో బియ్యం నానుతున్నాయి.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఏం చెయ్యను, నడుం వంగి చావదు. నీళ్ళు నువ్వే మార్చాలి."

"అమ్మ వద్దంది కదా నాయనమ్మా?"

"వద్దన్న మనిషే అడుగుద్ది, చూస్తుండు."

మర్నాడు పొద్దున అమ్మ కేకు పిండి కలపడం మొదలుపెట్టింది. నాయనమ్మ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బుద్ధిగా కూర్చుంది.

"ఎన్ని గుడ్లు వేస్తున్నావే అమ్మాయ్?"

"పన్నెండు, అత్తయ్యా."

"ఇంకో రెండు వెయ్యకూడదూ? మెత్తగా వస్తదేమో."

అమ్మ మొహం వెలిగిపోయింది. అత్తగారు దారికొచ్చిందనుకుంది. నేనూ అలాగే అనుకుని, ఆ బియ్యం ఇక పారబొయ్యాలేమో అని దిగులుపడ్డాను.

కేకు కాల్చడానికి ఇంట్లో పొయ్యి చాలదు. వన్ టౌన్‌లో ఒక బేకరీ వాళ్ళు పండగ రోజుల్లో రొట్టెల పని అయిపోయాక తమ పొయ్యిలో మనవి కాల్చి ఇచ్చేవాళ్ళు. మధ్యాహ్నం రిక్షా కట్టించుకుని బయల్దేరాం. అమ్మ ఒళ్ళో ఖాళీ డబ్బాలు, నాన్న ఒళ్ళో పిండి గిన్నె, కాళ్ళ దగ్గర నేను. బందరు రోడ్డు గుంటలు మీకు తెలిసినవే. దిగేసరికి నాన్న ప్యాంటు మీద ఇంకో కేకుకి సరిపడా పిండి ఉంది. బేకరీ ముందు మాలాంటి వాళ్ళు ఇరవై మంది, తలా ఒక గిన్నెతో. మా కేకులు సాయంత్రానికి చేతికొచ్చాయి. ఇంటికొచ్చేదాకా ఆ వాసనకి నా ప్రాణం నిలవలేదు.

ఇల్లు చేరగానే అమ్మ ముక్కు ఎగబీల్చింది. కేకు వాసనకి కాదు.

"ఏంటే ఈ పులిసిన వాసన?"

"నా సాక్సులమ్మా" అన్నాను ఠక్కున. దానికి ఫలితంగా ఇంట్లో ఉన్న సాక్సులన్నీ నాచేత ఉతికించింది. నాయనమ్మ పక్కనే కూర్చుని, "ఆడపిల్లకి శుభ్రం ఉండొద్దూ" అని సన్నాయి నొక్కులు నొక్కింది. అలాంటి మనిషి కోసం నేను అబద్ధాలాడాను.

పండగ ముందు రోజు పొద్దున అమ్మ కేకు కోసి వీధిలోకి పంపాల్సిన పళ్ళేలన్నీ సర్దుతోంది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూశారు.

"టీచరు గారూ, ఈసారి రోకలి చప్పుడు వినపడలేదేంటండీ? మా మామగారు పొద్దుటినించి అడుగుతున్నారు. రేపు అరిసెలు వస్తాయి కదా అని రాత్రి స్వీటు కూడా ముట్టలేదు."

అమ్మ చేతిలో చాకు ఆగిపోయింది. పళ్ళెం వైపు చూసింది. పద్నాలుగు గుడ్లు. నాలుగేళ్ళుగా గోడ పక్కన ఉన్న మనుషులు, కేకు సంబరంలో అమ్మకి ఆ సంగతే తట్టలేదు. నాకూ తట్టలేదు. నాన్నకి ఎటూ ఏదీ తట్టదు. పిన్నిగారితో ఏదో అని పంపేసి, అమ్మ వంటింట్లో చతికిలబడింది.

"ఎంత పని చేశాను, అత్తయ్యా. ఆ పెద్దాయనకి ఏం పంపను? ఇప్పుడు బియ్యం నానబోసినా ఎల్లుండికి గానీ దంచలేం."

నాయనమ్మ తమలపాకుకి సున్నం రాస్తూ తల కూడా ఎత్తలేదు. "నా మంచం కింద చూడు" అంది.

అమ్మ వెళ్ళి చూసింది. గిన్నె పట్టుకుని వచ్చింది. అత్తగారిని చూసింది, నన్ను చూసింది.

"సాక్సులా?" అంది.

తర్వాత అమ్మకి నవ్వాగలేదు. దంపుడు మాత్రం నాయనమ్మని చెయ్యనివ్వలేదు, తనే దంచింది. నాయనమ్మ పీట మీద కూర్చుని, "అది దంచడమా, దోమల్ని తోలడమా" అంటూ కోడల్ని సాయంత్రందాకా సాధించి, పాకం తను పట్టింది. ఆ క్రిస్మస్‌కి మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే.

అప్పటినించీ అదే ఆచారమైంది. డిసెంబరు రాగానే అమ్మ, "ఈ ఏడు అరిసెల్లేవు" అనేది. నాయనమ్మ, "నాకెందుకమ్మా" అనేది. నేను నీళ్ళు మార్చేదాన్ని. పండగ ముందు రోజు అమ్మ గిన్నె పట్టేసి నడుం మీద చేతులు పెట్టుకుని అరిచేది. కేకూ పోలేదు, అరిసెలూ పోలేదు. నా సాక్సులే ఊరికే చెడ్డపేరు మోశాయి.

నేను కాలేజీకి వచ్చేసరికి నాయనమ్మకి మతిమరుపు పట్టుకుంది. నన్ను చూసి ఒక్కోసారి మా మేనత్త అనుకునేది. తిన్నాక మళ్ళీ అన్నం అడిగేది. ఆ డిసెంబరులో, పండగ మూడు రోజులుందనగా, అలవాటుగా మంచం కింద చూశాను. ట్రంకు పెట్టె ఒక్కటే ఉంది. దాని వెనక చెయ్యి పెట్టి తడిమాను. ఉత్త నేల. ఎప్పుడూ లేనంత దుఃఖం వచ్చింది. ఆవిడ ఇంకా ఉంది, వీధి అరుగు మీద ఎండలో కూర్చునే ఉంది. అయినా వచ్చింది.

నేనే నానబోద్దామని వంటింట్లోకి వెళ్తే బియ్యం డబ్బా మూత తీసి ఉంది. గిన్నె లేదు. మళ్ళీ గదిలోకి వచ్చాను. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, చీర తడుపుకుంటూ, ఆ గిన్నెని పెట్టె వెనక్కి నెడుతోంది. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

పండగ ముందు రోజు అమ్మ నాయనమ్మ ముందు గిన్నె పెట్టి నడుం మీద చేతులు వేసింది.

"అత్తయ్యా, మళ్ళీ దొంగతనంగా నానబోశారా? వద్దని చెప్పానా లేదా?"

నాయనమ్మ ఆ గిన్నెకేసి చాలాసేపు చూసింది. గుర్తు తెచ్చుకోడానికి తంటాలు పడుతోందని తెలుస్తూనే ఉంది. అప్పుడు గడ్డం పైకెత్తింది.

"మరి? నీ కేకుని నమ్ముకుని పక్కింటాయన్ని పస్తు పెట్టమంటావా?" అని నావైపు తిరిగింది. "నువ్వే చెప్పుంటావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు."

"నేనే చెప్పేశాను నాయనమ్మా. తప్పయిపోయింది" అన్నాను.

అమ్మ అటు తిరిగి బియ్యంలో నీళ్ళు వంపుతోంది. ఎంతకీ ఇటు తిరగదు.

"సర్లే, ఏడవకు. లేచి జల్లెడ పట్రా" అంది నాయనమ్మ.

ఏడుస్తున్నది ఇద్దరం. ఎవరితో అందో తెలీక ఇద్దరం లేచాం.